శనివారం తుడిచిన గొళ్లెం

శనివారం పొద్దున తలకు పోసుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, పొయ్యి మీద పాలు పెట్టి, అహల్య వంటింటి మూలనున్న కందుల కుండలో చెయ్యి దూర్చింది. మోచేతి దాకా పోతే గానీ వస్తువు చేతికి తగలదు. తగిలింది. పాత పంచె ముక్కలో చుట్టిన జానెడు ఇనుము. విప్పి, ఒళ్లో పెట్టుకుని, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి తుడవడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగేళ్లుగా ప్రతి శనివారం చేసే పనే. ఈ ఆరునెలలుగా మాత్రం ఎందుకు చేస్తోందో ఆమెకే తెలియదు. శనివారం వచ్చింది గనక తుడిచింది, అంతే. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. ఆమె చూసింది. చూసి ఊరుకుంది.

ఆ ఇంట్లో ఆ ఇనుప ముక్కను గొళ్లెం అంటారు. తెలిసినవాళ్లు బోల్టు అంటారు. తుపాకి వెనకవైపు దూర్చి, పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపితే తూటా లోపలికి పోవడానికీ, పేలడానికీ అదే ఆధారం. అది లేకపోతే ఎంతటి తుపాకైనా ఉత్త గొట్టమే. పొయ్యి ఊదుకోవడానికి తప్ప పనికిరాదు.

ఆ తుపాకి అహల్య భర్త కోదండరెడ్డిది. సూర్యాపేటలో నాలుగు ఊళ్లకు తెలిసిన రైతు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదు పోయి చాంద్‌మారి మైదానంలో కాగితం మీద గీసిన వలయాలకు గురిచూసి కొట్టి వెండి కప్పు తెచ్చుకున్న మనిషి. వేటకని కాదు, పగకని కాదు. ఆ తుపాకితో పిట్టనైనా కొట్టి ఎరగడు. గురి నేర్పిన ముసలి హవల్దారు ఆయనకు ఒక కట్టుబాటు పెట్టాడట: తుపాకి, గొళ్లెం, తూటా, ఈ మూడూ ఒక్క తాళం కింద పడుకోవద్దు, ఒక్క బండి ఎక్కవద్దు. అందుకని తుపాకి టేకుపెట్టెలో హాల్లో ఉండేది. తూటాలు ఆయన ఇనప్పెట్టెలో ఉండేవి. గొళ్లెం మాత్రం పెళ్లైన పదహారో రోజున పదహారేళ్ల అహల్య చేతికి వచ్చింది.

"నువ్వు ఇస్తేనే నేను తుపాకి పట్టాలె. నా మొహం సూసి ఇయ్యి. కోపంల ఉన్నా, తాగి ఉన్నా ఇయ్యకు. నేను గుంజుకున్నా ఇయ్యకు" అన్నాడు కొత్త పెళ్లికొడుకు.

ఆమె మొదట దాన్ని చింతపండు కుండలో దాచింది. నాలుగు రోజులకు చిలుమెక్కింది. కోదండరెడ్డి ఆ చిలుము గీకుతూ చేసిన రభస ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. అప్పటినుంచి కందుల కుండ, వేపాకు, మిషను నూనె. ఇరవై నాలుగేళ్లలో ఆమె "ఇయ్య" అన్నది రెండేసార్లు. రెండుసార్లూ గట్టు తగాదా రోజులే. రెండుసార్లూ ఆయన మాట్లాడకుండా వెనక్కి పోయాడు, తెల్లారి వచ్చి "మంచిగ జేసినవ్" అన్నాడు. అత్తగారు ఇచ్చిన నగల కంటే ఆ మాటే అహల్యకు పెద్ద నగ.

రజాకార్ల రోజుల్లో ఇంట్లో తుపాకి ఉంటే ప్రాణానికే ముప్పని, టేకుపెట్టెను కోదాడలో అహల్య తమ్ముడి ఇంటికి చేరవేశారు. తూటాలు సర్కారు కచేరీలో అప్పజెప్పి రసీదు తీసుకున్నారు. గొళ్లెం కందుల కుండలోనే ఉండిపోయింది. పోలీసు యాక్షన్ అయ్యాక తుపాకులన్నీ సర్కారుకు అప్పజెప్పాలని దండోరా వేశారు. పుష్యమాసంలో కొడుకు సుధాకర్, బండితోలే యాకోబును వెంటబెట్టుకుని, పెట్టె తేవడానికి కోదాడ పోయాడు. లైసెన్సు కాగితం జేబులో పెట్టుకునే పోయాడు. తిరిగి రాలేదు. దారిలో పటాలం వాళ్లు బండి ఆపి, ఇద్దరినీ పెట్టెతో సహా మిర్యాలగూడ తీసుకుపోయారని తెలిసింది.

"తుపాకి కమ్యూనిస్టు దళపోళ్లకు ఇయ్యవోతుంటే దొరికిండట. మనం నోరు మూసుకొని ఉండాలె. కదిలిస్తే ఇంకింత గట్టిగ బిగిస్తరు" అని కోదండరెడ్డి భార్యతో చెప్పాడు.

అహల్య ఏడవలేదు. అప్పుడు చేటలో బియ్యం చెరుగుతోంది, చెరగడం పూర్తిచేసింది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఓదార్చడానికి వచ్చి, ఓదార్చడానికి ఏమీ దొరక్క, "రాతిగుండె తల్లీ" అనుకుంటూ పోయారు. రాయి అయితే కాస్త నయమే, ఎండకు కాగుతుంది, వానకు తడుస్తుంది. ఆమెకు ఏదీ తగలడం లేదు. నోటికి రుచి పోయింది. కూరలో ఉప్పు ఒకసారి వేశానో రెండుసార్లు వేశానో గుర్తుండదు. ఏం వేసినా కోదండరెడ్డి మారుమాట్లాడకుండా తిని లేచేవాడు. ఉప్పు చాలకపోతే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి అట్లా తినడం వింతే. ఆ వింత కూడా ఆమెకు అందలేదు.

గొళ్లెం తిరిగి గుడ్డలో చుడుతుండగా దొడ్డివాకిట్లో ఎవరో దగ్గారు. వచ్చి చూస్తే యాకోబు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి, వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య ఏసమ్మ. మొగుణ్ణి మళ్లీ ఎవరైనా పట్టుకుపోతారేమో అన్నట్టు భుజం మీది తువ్వాలు కొస పట్టుకుని ఉంది.

"మొన్న ఇడిసిండ్రు దొరసాని. నన్ను ఇడిసిండ్రు. చిన్నదొరను ఇడువలే" అన్నాడు యాకోబు. తాను విడుదల కావడమే తప్పన్నట్టు తల దించుకున్నాడు.

"మంచిగున్నడా?"

"ఉన్నడు. సన్నగైండు. కొట్టలేదు, తిట్టలేదు, అబద్ధమెందుకు. రోజూ ఒక్కటే అడుగుతరు."

"ఏమని?"

"గొళ్లెం ఏది అని."

అహల్య చేతిలో ఉన్న మూటను ఇంకా కింద పెట్టలేదు. యాకోబు దాన్ని చూడలేదు. నేల చూస్తూనే చెప్పుకుపోయాడు.

"పెట్టె తెరిసి సూసిండ్రు. తుపాకున్నది, కాయితం ఉన్నది. పచ్చ బనాతు గుడ్డల గొళ్లెం పెట్టే గుంట ఉంటది గదా, అది ఖాళీ. తుపాకి పట్టుకపోయేటోడు గొళ్లెం లేకుండ ఎట్ల పోతడు, దళపోళ్లకు ముందుగాల్నే అందిచ్చినవ్, తుపాకి మల్ల అందియ్యవోతున్నవ్ అని వాళ్ల అనుమానం. చిన్నదొర మొదటిదినమే జెప్పిండు. మా ఇంట్ల కట్టుబాటు అది, రెండు ఒక్క బండి ఎక్కయి, గొళ్లెం మా అమ్మ తాన కందుల కుండల ఉన్నది, పోయి అడుగుండ్రి అన్నడు."

"మరి అడుగలేదా?"

యాకోబు ఏసమ్మ వైపు చూశాడు. ఏసమ్మ "జెప్పు, ఇంత దూరమొచ్చి దాసుడెందుకు" అంది.

"అడిగిండ్రు దొరసాని. మనిషిని పంపిండ్రు. అసుంటిది మా ఇంట్ల లేదు, నాకు ఎరుకలేదు అని దొర రాసిచ్చిండట. ఆ కాయితం చిన్నదొరకు సదివి ఇనిపిచ్చిండ్రు. ఆ దినం నుంచి ఇగ మాట్లాడుడే బంద్ వెట్టిండు. ఒక్కసారి నాతోని అన్నడు. నాయిన భయపడి రాసిండంటే రాసిండు, అమ్మ గూడ తీసి బాయిల పారేసిందేమో యాకోబూ అన్నడు."

మాఘమాసంలో ఒక ఖాకీ చొక్కా మనిషి వచ్చి అరుగు మీద కూర్చోవడం అహల్యకు గుర్తొచ్చింది. ఆమె లోపలినుంచి మజ్జిగ పంపింది. ఎవరని అడిగితే లెవీ ధాన్యం లెక్కకు వచ్చాడని కోదండరెడ్డి చెప్పాడు. ఆ మనిషి మజ్జిగ తాగిన గ్లాసు ఆమే కడిగింది. గోడకు ఇవతల ఆమె, కందుల కుండ. గోడకు అవతల కొడుకు ప్రాణం అడగడానికి వచ్చిన మనిషి. ఇన్ని శనివారాలు కొడుకును విడిపించే తాళంచెవిని ఒళ్లో పెట్టుకుని తుడుస్తూ కూర్చుంది.

"అన్నం తిని పో యాకోబూ" అంది. గొంతులో ఏ మార్పూ లేదు. ఏసమ్మ ఆ మొహం చూసి భయపడింది.

మధ్యాహ్నం కోదండరెడ్డి పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అహల్య కంచం పెట్టింది. అన్నం వడ్డించలేదు. కంచం పక్కన గుడ్డ విప్పి గొళ్లెం పెట్టింది.

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "గిదెందుకు తీసినవ్?"

"మాఘమాసంల వచ్చినాయన ఎవరు?"

"ఏ మాఘమాసం?"

"లెవీ ధాన్యం మనిషన్నరు గదా. ఆయన ధాన్యమడిగిండా, ఇదడిగిండా?"

కోదండరెడ్డి దొడ్డివైపు చూశాడు. యాకోబు విస్తరి ఎత్తుతూ కనిపించాడు. ఇక దాచి లాభం లేదని తెలిసిపోయింది. తెలిసినా దబాయించి చూడటం మగవాడి ఆఖరి దారి.

"నీకేం తెలుసే కచేరీ సంగతులు? తుపాకి అప్పజెప్పే గడువు అప్పటికే దాటింది. సగం అప్పజెప్పి సగం దాసిండన్న మాటొస్తే నాకు బేడీలేస్తరు. వాడు లోపల, నేను లోపల. ఇల్లేం గావాలె? నువ్వేం గావాలె?"

"మీరు రాసిచ్చిన కాయితంతోని వాడు దొంగైండు."

"వానికి వయసున్నది, తట్టుకుంటడు. నాకు యాభై దాటినయి. నాలుగు నెలలైతే వాళ్లే ఇడుస్తరనుకున్న." ఆయన గొంతు తగ్గింది. "అనుకున్ననే. ఒక్కసారి రాసిచ్చినంక ఎన్కకు తీసుకునుడెట్ల? రోజూ పోదామనే అనుకున్న. చెప్పులు తొడుక్కునే దాన్క వచ్చేటోణ్ణి."

"ఇరవై నాలుగేండ్లు నాతోని ఎందుకు దాపిచ్చిండ్రు దీన్ని? వాకిట్లకొచ్చి అడిగితే మా ఇంట్ల లేదంటానికా? ఉన్నది. నా తాన ఉన్నది. నేను ఈ ఇంటిదాన్ని కానా?"

ఆయన కంచం పక్కకు నెట్టాడు. చెయ్యి మెల్లగా గొళ్లెం వైపు జరిగింది. "ఇటియ్యి. బాయిల ఏస్త. ఉన్నదని తెలిస్తే ఇప్పుడు ఇంకింత పరేషాన్. అటో ఇటో ఖతమైతది."

అహల్య గొళ్లెం తీసి గుప్పిట పట్టింది. భర్త మొహంలోకి చూసింది. పదహారేళ్ల వయసులో చూడమన్నాడు గదా, అట్లాగే చూసింది. కోపం లేదు, తాగుడు లేదు. ఉన్నదల్లా భయం. భయపడ్డ మనిషికి ఇవ్వాలో వద్దో ఆయన అప్పుడు చెప్పలేదు. ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇయ్య" అంది.

మూడోసారి. కోదండరెడ్డి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అన్నం తినకుండానే లేచిపోయాడు. ఆదివారమంతా అరుగు మీదే కూర్చున్నాడు. ఆమె పిలవలేదు, ఆయన రాలేదు.

సోమవారం పొద్దున అహల్య జొన్నరొట్టెలు చేసి, వెల్లుల్లి కారం నూరి సద్దిమూట కట్టింది. గొళ్లెం గుడ్డలో చుట్టి నడుముకు బిగించి, పైన చీర కుచ్చెళ్లు దోపుకుంది. ఊరికి పోయేటప్పుడు గొళ్లెం ఎప్పుడూ అక్కడే ప్రయాణం చేసేది. యాకోబు ముందు నడిచాడు. మళ్లీ ఆ ఊరి మొహం చూడాలంటే అతనికీ భయమే, అయినా రానని అనలేదు.

మిర్యాలగూడ పోయే మోటరు ఎక్కి కూర్చున్నాక, డ్రైవరు హారను కొట్టాక, కోదండరెడ్డి వచ్చాడు. పండగలకు వేసుకునే షేర్వాణి తొడుక్కున్నాడు. చంకలో ఒక బట్టలమూట. ఎక్కి ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు. ఒక్కపూట పనికి పోయే మనిషి దుప్పటి, రెండు పంచెలు, చెంబు కట్టుకుని రాడు. అహల్య ఆ మూటను చూసింది. ఎన్ని రోజులకని కట్టుకున్నాడో తెలిసింది. కాసేపయ్యాక నీళ్ల ముంత వెనక్కి అందించింది. ఆయన తాగి తిరిగి ఇచ్చాడు.

మిర్యాలగూడ కచేరీలో ఆఫీసరు కోస్తావైపు నుంచి కొత్తగా వచ్చినాయన. మంచి మనిషో చెడ్డ మనిషో చెప్పడం కష్టం, పని ఎక్కువగా ఉన్న మనిషి. విషయం విన్నాడు. "అయితే మీ దగ్గరే ఉందంటారా అమ్మా? ఏదీ, ఇవ్వండి" అని చెయ్యి చాచాడు.

అహల్య అలవాటు ప్రకారం ముందు ఆయన మొహం చూసింది. అలసట తప్ప మరేమీ కనిపించలేదు. పక్కకు తిరిగి నడుముకున్న మూట విప్పి బల్ల మీద పెట్టింది.

గుమస్తా టేకుపెట్టె తెచ్చి తెరిచాడు. పచ్చ బనాతులో గుంట ఖాళీగానే ఉంది. ఆఫీసరు గొళ్లెం మీది అంకెలు చదివాడు, తుపాకి మీది అంకెలు చదివాడు. రెండూ ఒకటే. తూటా లేదని చూసుకుని, గొళ్లెం తుపాకిలో దూర్చి ముందుకు తోశాడు. నెయ్యిలో వేలు పెట్టినట్టు పోయింది. వెనక్కి లాగాడు, మళ్లీ తోశాడు.

"ఆరునెలలు మూలపడి ఉన్న ఇనుములా లేదే ఇది?"

"శనివారం శనివారం తుడుస్తనయ్యా."

"దాచిపెట్టాలనుకునే వాళ్లు తుడుస్తూ కూర్చోరులెండి" అని ఆఫీసరు కాగితాల కట్ట విప్పి ఒకటి పైకి తీశాడు. "మరి ఇదేమిటి? మా ఇంట్లో లేదని మీ ఆయన సంతకం పెట్టి ఇచ్చారే?"

కోదండరెడ్డి ముందుకొచ్చాడు. బట్టలమూట ఇంకా చంకలోనే ఉంది.

"అది నేనే రాసిన సాబ్. అబద్ధం రాసిన. మా ఇంటామెకు తెలువదు, మా పిల్లగాడు జెప్పింది నిజం. తుపాకి, గొళ్లెం కలిపి పంపొద్దని చిన్నప్పటి నుంచి వానికి నేర్పింది నేనే. భయపడి కొడుకును అబద్ధాలోణ్ణి జేసిన. ఏం జేస్తరో నన్ను జెయ్యుండ్రి."

ఆఫీసరు ఆ కాగితాన్ని గుమస్తా వైపు జరిపాడు. తర్వాత, అబ్బాయిని పూచీకత్తు మీద ఇప్పుడే పంపిస్తాననీ, ఈయన మాత్రం వాంగ్మూలం ఇచ్చి, పై నుంచి జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉండాలనీ చెప్పాడు. ఎన్నాళ్లన్నది తన చేతిలో లేదన్నాడు. కోదండరెడ్డి తలూపాడు. గుమస్తా గొళ్లేన్ని బనాతు గుంటలో పెట్టి మూత వేయబోయాడు.

"వద్దు వద్దు!" అని కోదండరెడ్డి అరిచినంత పని చేశాడు. అందరూ తిరిగి చూశారు. "రెండూ ఒక్క తాళం కింద పెట్టకుండ్రి. గొళ్లెం వేరే అల్మారల పెట్టుండ్రి" అన్నాడు. ఖైదు కాబోతున్న మనిషి కచేరీకి బుద్ధులు చెబుతున్నానని అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. ఆఫీసరుకు నవ్వొచ్చినట్టుంది. గొళ్లెం తీసి వేరే బీరువాలో పెట్టించాడు.

సుధాకర్‌ను తీసుకొచ్చారు. చొక్కా వదులైంది, మెడ ఎముకలు తేలాయి. గుమ్మంలో ఆగి తల్లినీ తండ్రినీ చూశాడు. బల్ల మీద పరిచి ఉన్న పాత పంచె ముక్క చూశాడు. దగ్గరకొచ్చి ఆ గుడ్డ మీద వేలు రాశాడు. వేలికి నూనె అంటింది. మొన్నటి తడి.

"పారెయ్యలేదా అమ్మా?"

"ఎట్ల పారేస్తరా? శనివారం వస్తుండె గదా."

వాణ్ణి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి సద్దిమూట విప్పింది. రొట్టె తుంచి, కారం అద్ది చేతికిచ్చింది. సుధాకర్ నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. మొహం చిట్లించాడు.

"అమ్మా, ఉప్పు కషాయం! నాలుగుసార్లు ఏసినవా ఏంది?"

అహల్య కారం వేలికి తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు తెలిసింది. నిజంగానే నోట్లో పెట్టరాకుండా ఉంది. నోరంతా మండింది, కళ్లలోకి నీళ్లు వచ్చాయి. వచ్చిన నీళ్లు ఆగలేదు. బియ్యం చెరిగిన రోజువి, గ్లాసు కడిగిన రోజువి, ఇరవయ్యారు శనివారాలవీ అన్నీ ఒకేసారి వచ్చాయి. కొడుకు భుజం మీద మొహం పెట్టి, కచేరీ వరండా అని కూడా చూడకుండా, పెద్దగా ఏడ్చింది. యాకోబు అటు తిరిగి తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

ఏడుపు కాస్త తగ్గాక సుధాకర్ లేచాడు. లోపల గోడవైపు మొహం పెట్టి కూర్చున్న తండ్రిని చూశాడు. ఇన్నాళ్లూ లోపల దాచుకున్న మాటలు వాడి దగ్గర చాలానే ఉండి ఉంటాయి. మిగిలిన రొట్టె సగం చేసి ఒక సగం తీసుకెళ్లి తండ్రి ముందు పెట్టాడు.

"తిను నాయినా. ఉప్పెక్కువైంది, జర సూసుకో."

కోదండరెడ్డి రొట్టె తీసుకున్నాడు. కొడుకు మొహంలోకి చూడలేక రొట్టెనే చూస్తూ అన్నాడు.

"ఆరునెల్ల సంది గిట్లనే ఉంటున్నది బిడ్డా. తింటున్న."